తవుడు బస్తా మీది కీబోర్డు

ఆ మే నెలలో అక్క కొల్లేటికోట నుంచి మా ఏలూరు ఇంటికి వచ్చినప్పుడు ఆమె భుజాన ఒక బట్టల సంచీ, చంకలో ఒక తవుడు గోతాం ఉన్నాయి. గోతాంలో చేపలేమో అనుకున్నాను. చేపల చెరువుల మీద బతికే ఇంటి కోడలు పుట్టింటికి వస్తూ చేపలు తేకుండా వస్తుందా? మూతి విప్పి లోపల చెయ్యి పెట్టాను. బరువుగా, బంకబంకగా ఏదో తగిలింది. బయటికి లాగితే అక్క కీబోర్డు.

దాన్ని కీబోర్డు అనడానికి ధైర్యం కావాలి. మీటల సందుల్లో తవుడు, తవుడు మీద వేరుశనగ చెక్క పొడి, రెండూ తేమకి కలిసిపోయి రుబ్బిన పిండి ఎండినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక మూల బల్లి గుడ్డు పెంకు. కొంచెం ఊపితే ముక్కపురుగులు నింపాదిగా బయటికి నడిచొచ్చి, అటూ ఇటూ చూసి, మళ్ళీ లోపలికే పోయాయి. చుట్టలు చుట్టుకున్న లావుపాటి వైరు నిండా చేపల మేత. వాసన సంగతి చెప్పను.

“ఇదేంటక్కా?”

“కీబోర్డే,” అంది అక్క చెప్పులు విప్పుతూ. “మేత షెడ్డులో ఉంటే తెచ్చేను.”

“షెడ్డులో ఏం చేస్తోంది ఇది?”

“తవుడు బస్తా మీద బరువు పెట్టేవాళ్ళం. ఎలకలు మూతి లాగెయ్యకుండా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. బరువు పెట్టడానికి రాయి దొరకలేదా అని అడగబోయాను గానీ, కొల్లేట్లో నిజంగానే రాయి దొరకదు. ఎంత తవ్వినా నల్లమట్టే. అయితే మాత్రం ఇటుక లేదా? పాత మోటారు ముక్క లేదా? ఇన్ని వస్తువులుండగా మా అక్కకి అన్నం పెట్టిన వస్తువే దొరికిందా మా బావకి? అదంతా అక్కతో అనలేదు. గిన్నెలు చప్పుడయ్యేలా సర్దాను. మా ఇంట్లో నా కోపం సంగతి గిన్నెలకి బాగా తెలుసు.

పెళ్ళికి ముందు అక్క తాడేపల్లిగూడెంలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేది. పొద్దున్న పాసింజరు ఎక్కి వెళ్ళి, సాయంత్రం పాసింజర్లో తిరిగొచ్చేది. శుభలేఖలు, రైసు మిల్లుల క్యాలెండర్లు, చర్చి పాటల పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు, అన్నీ ఆమె చేతి మీదుగానే అచ్చుకి వెళ్ళేవి. సెలవుల్లో నేనూ వెంట వెళ్ళి ఒక మూల కూర్చునేదాన్ని. అక్క మానిటరు వంక చూసేది కాదు. కళ్ళు పక్కనున్న కాయితం మీద, చెవులు కీబోర్డు మీద. ఆ మీటలు ఇప్పటివాటిలా మెత్తగా కుంగి ఊరుకునేవి కావు. ప్రతి మీట కిందా విడిగా ఒక చిన్న స్విచ్చి ఉండేది. నొక్కితే వేలికి చిన్న ఎదురుదెబ్బ తగిలి టక్కుమనేది. ఆ టక్కు వినపడిందంటే అక్షరం పడినట్టు.

సెంటరాయన మిగతా కంప్యూటర్లకి కొత్త కీబోర్డులు కొన్నా, అక్క తన పాతదాన్ని వదల్లేదు. సెంటరు మూసేస్తూ ఆయన, “నీకేం కావాలో పట్టుకెళ్ళమ్మా,” అంటే ఫ్యానూ కుర్చీలూ వదిలేసి, తను పనిచేసిన కంప్యూటర్నీ దాని కీబోర్డునీ తెచ్చుకుంది. పెళ్ళయ్యాక అత్తవారింటికి కూడా వాటిని పట్టుకెళ్ళింది.

మా బావ చెడ్డవాడు కాదు. నా బాధంతా అదే. చెడ్డవాడైతే ఒకసారి కడిగిపారేసి ఊరుకునేదాన్ని. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. “ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుంటానండీ, కైకలూరులో ప్రెస్సు వాళ్ళు పని ఇంటికే పంపుతామన్నారు,” అని అక్క అడిగితే, “తప్పకుండా పెట్టుకుందాం, ఈ పట్టుబడి అయిపోనీ,” అన్నాడట. పట్టుబడంటే చెరువులో చేపలు పట్టి లారీలకెత్తడం. ఆ పట్టుబడి అయింది. తర్వాత గట్టు తెగింది. తర్వాత మామగారికి జబ్బు చేసింది. తర్వాత ఇంకో పట్టుబడి. ప్రతిసారీ ‘తప్పకుండా’నే. మా వైపు మనుషులకి కాదనడం చేతకాదు, అందుకని ఔనంటూనే చంపుతారు. ఈలోగా ఒక వానాకాలం కొల్లేరు ఇంట్లోకి వచ్చి కంప్యూటరు పెట్టె మునిగిపోయింది. అల్మారా పై అరలో ఉన్న కీబోర్డు ఒక్కటీ మిగిలింది.

ఆ తర్వాత అక్క ఒక రోజు జెల్ల చేపలు బాగుచేస్తుంటే ముల్లు కుడిచేతి చూపుడువేలి కొసలో దిగింది. చీము పట్టి, కోయించి, కట్లు కట్టించి ఎలాగో వేలు దక్కింది గానీ కొస మొద్దుబారిపోయింది. వేడి తెలీదు, సూది తెలీదు. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, ఆ వెంటనే ప్రభుత్వం సరస్సుని ఆక్రమించారంటూ పొక్లెయిన్లు తెచ్చి కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టించేసింది. అందరి చెరువులతోపాటు బావ చెరువూ పోయింది. ఆయన గణపవరం వెళ్ళి ఎవరి చెరువుకో కాపలా మనిషిగా కుదిరాడు, గట్టు మీద గది ఇస్తే అక్కనీ తీసుకెళ్తానన్నాడట. అక్క మాత్రం ఆ ఖాళీ ఇంట్లో అత్తగారితో మిగిలింది.

అలాంటప్పుడు తాడేపల్లిగూడెం నుంచి ఒక ప్రెస్సాయన మా అమ్మకి కబురు పెట్టాడు. అక్క పాత పనితనం తెలిసినవాడు. తన దగ్గర తెలుగు కొట్టే మనిషి మానేస్తోందనీ, మీ పెద్దమ్మాయిని వచ్చే సోమవారం వచ్చి ఒక పేజీ కొట్టి చూపించమనండనీ, బాగుంటే పని ఆమెదేననీ ఆ కబురు. అక్క వచ్చింది అందుకే.

వచ్చిన మర్నాడే ఇద్దరం ఫైర్‌స్టేషన్ సెంటరు దగ్గర నెట్ సెంటరుకి వెళ్ళాం. చెయ్యి ఆడి చాలా కాలమైంది, కాస్త సాధన చేద్దామని. అక్క కూర్చుంది. కొత్త కీబోర్డు, పల్చగా, నల్లగా, నొక్కితే చప్పుడు చెయ్యదు. కొంతసేపు కొట్టి తలెత్తి చూసింది. తెరమీద అక్షరాలు కొన్ని లేనే లేవు, కొన్ని రెండేసి మూడేసి పడ్డాయి. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే. చూపుడువేలు కిందకి వచ్చే మీటలన్నీ తప్పులే.

“ఈ వేలికి దిగిందో లేదో తెలీట్లేదే,” అంది మెల్లిగా. “చప్పుడన్నా ఉంటే చెవికి తెలుస్తుంది.”

ఇంటికొచ్చి బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.  నిండుకుండ తొణకదని మా అమ్మ అక్కని ఎప్పుడూ మెచ్చుకుంటుంది. నాకు ఆ మెచ్చుకోలు వింటేనే కోపం. తొణకని కుండ కాబట్టే అందరూ దాని నెత్తిన ఇంకోటి పెట్టారు. సోమవారానికి ఆ తవుడు కీబోర్డు పలికితే అక్క చేతికి పని వస్తుంది. పలకకపోతే గణపవరంలో చెరువు గట్టు మీద ఒక రేకుల గది, మళ్ళీ ‘తప్పకుండా’.

కీబోర్డుని సంచిలో వేసుకుని కంప్యూటర్లు బాగుచేసే షాపుకి వెళ్ళాను. షాపతను చూడనైనా చూడకుండా ముక్కు మూసుకున్నాడు.

“ఇది ఎందుకండీ మేడమ్, కొత్తది తీసుకోండి. వారంటీ కూడా ఇస్తాం.”

“నాకు కొత్తది వద్దండీ. ఇదే బాగుచెయ్యాలి.”

“దీనికి అంత టైము పెడితే మాకు కిట్టదండీ. పారేసెయ్యండి.”

“పారేసే మాట మీరు చెప్పక్కర్లేదండీ,” అన్నాను. ‘అండీ’ని ఎంత గట్టిగా అనొచ్చో అంత గట్టిగా అన్నాను. అతను బిత్తరపోయి పక్క మనిషి వంక చూశాడు. నేను సంచి ఎత్తుకుని వచ్చేశాను. వచ్చాక తెలిసింది, ఇక ఆ పని నాదేనని.

నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మిషన్ల గురించి నాకు తెలిసింది ఫ్యూజు వెయ్యడం వరకే. కానీ కోపం మంచి ఉపాధ్యాయుడు, పనిలోకి తోసేస్తుంది. హాల్లో చాప వేసి కూర్చుని, రెండు జడపిన్నులు వంచి, ఒక మీట తొడుగుకి రెండు వైపులా గుచ్చి పైకి లాగాను. పుటుక్కుమని ఊడి వెళ్ళి అమ్మ కళ్ళజోడుకి తగిలింది. ఒడుపు తెలిశాక వరసగా అన్నీ పీకేశాను. ఏది ఎక్కడిదో తెలియడానికి చాప మీద అదే వరసలో పేర్చుకున్నాను. అరిగి అరిగి సగం మీటల మీద అక్షరాలే లేవు మరి.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అమ్మ చాప నాలుగు మూలలూ కలిపి పట్టుకుని మూటలా పక్కకి జరిపి ఊడుస్తోంది.

“అమ్మా! అవి వరసలో పెట్టేనే!”

“వరసేముందే, బటన్లే గదా. ఊడ్చుకోవద్దా ఇల్లు?”

నేను వేసిన కేకకి పక్కవాటా వాళ్ళ కుక్క కూడా మొరిగింది. అమ్మ చీపురు పట్టుకుని నిలబడి, “నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నీ నోటితో ఈ ఏలూరు ఎలా నిలబడిందో ఆ దేవుడికే తెలియాలి,” అంది. అప్పుడు అక్క వచ్చి మూట ముందు కూర్చుంది. కళ్ళు మూసుకుని ఏదో మాట అనుకుని, గాల్లో వేళ్ళు ఆడించింది. ఆ వేలు ఎక్కడ దిగిందో చూసి, ఆ మీట వెతికి అక్కడ పెట్టింది. మళ్ళీ ఇంకో మాట. సాయంత్రానికి అన్నీ తమ తమ చోట్లకి వచ్చాయి. ఆమె వేళ్ళు ఏదీ మర్చిపోలేదు. అది చూసి నాకు ఏడుపు రావాల్సింది, కోపమే వచ్చింది. ఇంత పని తెలిసిన చేతులతో ఇన్నేళ్ళు చేపలు తోమించారు.

తొడుగులు కడిగే పని అమ్మ తీసుకుంది. మా అమ్మకి తలైనా, బంగారమైనా, పట్టుచీరైనా కుంకుడు రసమే. రాత్రంతా నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దింది. నిజం చెప్పాలంటే తళతళలాడాయి. ఇక్కడితో ఆగితే బాగుండేది. తీసుకెళ్ళి మేడ మీద పాత చీర పరిచి, వడియాలు పెట్టినట్టు వరసగా ఎండలో పెట్టింది. మే నెల, ఏలూరు ఎండ, సిమెంటు మేడ. నేను వెళ్ళి చూసేసరికి చిన్న మీటలన్నీ బాగానే ఉన్నాయి గానీ పొడుగాటి స్పేస్ బార్ రెండు చివర్లూ పైకి లేచి పడవలా తయారైంది.

“వంచేశావు!”

“నేనేం వంచలేదు. నీ నోటికి జడిసి అదే వంగుంటుంది.”

అక్క నవ్వింది. వచ్చాక అదే మొదటిసారి నవ్వడం. నాకు మాత్రం నవ్వు రాలేదు. స్పేస్ బార్ లేకుండా మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఎవరు పెడతారు? చివరికి మరిగే నీళ్ళలో ముంచి తీసి, చెక్కపీట మీద పెట్టి పైన పొత్రం ఎక్కించాను. చల్లారాక తీస్తే కాస్త వంకర మిగిలింది గానీ కూర్చుంది.

ఇక లోపలి సంగతి. వెనక స్క్రూలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. ఒకటి ఎంతకీ రాకపోతే స్క్రూడ్రైవరు విసిరికొట్టాను, తర్వాత వెళ్ళి వెతుక్కుని తెచ్చుకున్నాను. మూత తెరిస్తే ఇనప పలక, దాని నిండా తవుడు. సైకిలు పంపు తెచ్చి కొట్టాను. కొల్లేటి చేపలు తినాల్సిన మేతంతా నా మొహాన కొట్టింది. ఆ తర్వాత చీపురుపుల్లకి దూది చుట్టి, స్పిరిట్లో ముంచి, ఒక్కో స్విచ్చి చుట్టూ తుడిచాను. దూది నల్లగా వస్తుంటే ఒక్కో పుల్లకీ ఒక్కో తిట్టు. బావని, వాళ్ళ అమ్మని, బస్తాలు అమ్మినవాణ్ణి, ఎలకల్ని కూడా వదల్లేదు.

తుడిచాక కూడా స్విచ్చిలు బిరుసుగానే ఉన్నాయి. నొక్కితే దిగడం, దిగితే లేవకపోవడం. పక్కవాటాలో కుట్టుమిషను ఉంది. బిగుసుకున్న మిషనుకి ఏం వేస్తాం? నూనె వేస్తాం. అరువడిగి నూనె బుడ్డి తెచ్చి, మధ్య వరసలో ప్రతి స్విచ్చిలోనూ ఒక చుక్క వేశాను. అద్భుతం! వెన్నలా దిగుతున్నాయి, వెన్నలా లేస్తున్నాయి. గర్వంగా అక్కని పిలిచాను. తను చూపుడువేలితో నొక్కింది. ఆగింది. చెవి దగ్గరగా పెట్టి మళ్ళీ నొక్కింది.

“చప్పుడు రావట్లేదే,” అంది.

నేను నొక్కాను. నిజమే. నూనె వేసినవన్నీ మూగబోయాయి. ఏ చప్పుడు కోసం ఇంత చేస్తున్నానో ఆ చప్పుడునే చంపేశాను, అదీ సరిగ్గా ఆ మొద్దుబారిన వేలు తిరిగే వరసలో. నూనె బుడ్డిని గోడకేసి కొట్టబోతే అమ్మ లాక్కుంది. అది పక్కవాళ్ళది. ఎవరి మీద అరవాలో తెలియక వెళ్ళి నీళ్ళు పోసుకున్నాను. తల మీద చెంబు చెంబు పోసుకుంటూ ఉంటే ఒకటి తట్టింది: నూనెకి విరుగుడు మళ్ళీ స్పిరిట్టే కదా. మందుల షాపులో సిరంజీ కొని, ఒక్కో స్విచ్చిలోకీ స్పిరిట్టు కొట్టి, బోర్లించి, నొక్కి, మళ్ళీ కొట్టి, ఎండకి కాకుండా ఫ్యాను కింద ఆరబెట్టాను. శనివారానికి ఒక్కోటీ గొంతు తెచ్చుకుంది. ముందు బొంగురుగా, తర్వాత స్పష్టంగా. ఒక్కటి మాత్రం ఎంత చేసినా పలకలేదు.

“పర్లేదు లేవే. దాన్ని మధ్యవేలితో కొట్టుకుంటాను,” అంది అక్క.

ఈ ‘పర్లేదు’ వినివినే కదా నాకు జుట్టు నెరుస్తోంది. అయినా నోరు మూసుకున్నాను, ఎందుకంటే ఆ మీటని మూగ చేసింది నేనే. ఆ సాయంత్రం మా స్కూల్లో పాత కంప్యూటరు ఉంటే, అడిగి తలుపు తీయించుకుని పెట్టి చూశాం. లావు పిన్ను దూరింది. తెరమీద అక్షరాలు పడ్డాయి. ప్రెస్సు కంప్యూటర్లకీ ఇదే పిన్ను పడుతుందని అక్క ముందే ఫోన్ చేసి కనుక్కుని ఉంచింది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి బావ వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కొర్రమీనుల సంచి. అమ్మకి నమస్కారం పెట్టి, సంచి అందించి, లోపలికొచ్చి నెమ్మదిగా చెప్పాడు.

“గణపవరంలో గది ఇచ్చేరండీ అత్తయ్యగారూ. కరెంటుంది, బోరుంది. మీ అమ్మాయిని తీసుకెళ్దామని వచ్చేను.”

అక్క చేపలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ చూపు బల్ల మీద ఆరుతున్న కీబోర్డు మీద పడింది. దగ్గరకెళ్ళి చూసి, నవ్వాడు.

“ఇది మన తవుడు బస్తా మీదది కాదూ! దీన్నా ఇంతలా తోమేరు? భలేవాళ్ళే!”

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నారు. తవుడు సంగతి ఎలాగో మింగాను గానీ ఆ నవ్వు నాకు దిగలేదు.

“ఏంటి బావగారూ నవ్వుతున్నారు? అది మీకు బస్తా మూతా? దానితో మా అక్క ఈ ఇల్లంతా నిలబెట్టింది, తెలుసా? మీ ఇంట్లో దానికి ఒక బల్ల దొరకలేదు, ఒక మూల దొరకలేదు. ఎలకలకి కాపలా పెట్టేరా దాన్ని? మీకు మనసెలా వచ్చిందండీ?”

“అదేంటమ్మా, ఎందుకంత కోపం? నేనేమన్నాననీ?”

“మీరేమీ అనరు. అదే గదా మీ గొప్ప!”

“ఊరుకోవే,” అని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పక్కవాళ్ళు వింటున్నారు.”

“విననీ! వినాలనే అరుస్తున్నాను!”

“ఆపు.”

ఆ మాట అన్నది అక్క. వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, చేతులనిండా చేప పొలుసు. గొంతు పెద్దది చెయ్యలేదు గానీ మేం ముగ్గురం ఆగిపోయాం.

“దాన్ని బస్తా మీద పెట్టింది ఆయన కాదు. నేను.”

నాకు అర్థం కాలేదు. అక్క నా వంక చూడట్లేదు, బావ వంకే చూస్తోంది.

“అల్మారాలో ఉండేదండీ, మీకు గుర్తుందో లేదో. రోజూ ఊడ్చేటప్పుడు కనపడేది. కంప్యూటరు మునిగిపోయేక, ఇంకోటి కొందామండీ అని అడిగేను. తప్పకుండా అన్నారు. మళ్ళీ అడిగేను, మళ్ళీ తప్పకుండా అన్నారు. ఆఖరిసారి మీరు ఆ మాటన్న రోజు, మధ్యాహ్నం దాన్ని పట్టుకెళ్ళి షెడ్డులో విసిరికొట్టేను. బరువుకి కాదు. ముక్కలైపోతుందని. అది వెళ్ళి తవుడు బస్తా మీద పడింది. విరగలేదు. ఎలకల మాట తర్వాతొచ్చింది.”

బావ మొహంలో నవ్వు లేదు. “నాతో చెప్పలేదేం?” అన్నాడు.

“చెప్పడం అంటే ఇంకెలా చెప్పాలండీ? విసిరికొట్టేదాకా వచ్చేను.”

తర్వాత నా వైపు తిరిగింది. “నువ్వూ అంతేనే. నాకు రావాల్సిన కోపం నాకంటే ముందు నువ్వే తెచ్చేసుకుంటావు. నువ్వు అరిచేశాక నాకేం మిగిలిందని అరవను? ఇంక నా తరఫున ఎవరూ మాట్లాడొద్దు.”

 రోషం వచ్చింది, అబద్ధం ఎందుకు. వారం రోజులు పురుగులు దులిపింది నేను, నాకే చీవాట్లా అనిపించింది. అక్క లోపలికెళ్ళి చేపలు కడిగి, పులుసు పెట్టింది. అందరం తిన్నాం.  పులుసు చాలా బాగుంది, దాని మీద కూడా కోపం వచ్చింది. బావ చెయ్యి కడుక్కుని, కీబోర్డు దగ్గర కాసేపు నిలబడి, ఒక మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా తీసేశాడు. “రేపు వెళ్ళిరా. ఏమైందో ఫోన్ చెయ్యి,” అని అక్కతో చెప్పి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాడు.

సోమవారం పాసింజర్లో భీమడోలు దాటేదాకా నేను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. అక్క కీబోర్డు పాత తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. “నేను రానా వద్దా?” అని పొద్దున్న మూతి ముడుచుకుని అడిగితే, “రా. కానీ బెంచీ మీద కూర్చో,” అంది. అందుకని ప్రెస్సులో బెంచీ మీదే కూర్చున్నాను.

ప్రెస్సు నేననుకున్నట్టు లేదు. అద్దాల గది, ఏసీ, లోపల వరసగా కంప్యూటర్లు. వాటి ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనుషులు. ప్రెస్సాయన పెద్దమనిషి, మర్యాదస్తుడు. మంచినీళ్ళిప్పించాడు. ఎవరో చేత్తో రాసిన పేజీ ఒకటి తీసి అక్క ముందు పెట్టాడు. పొడుగాటి మాటలు, కొట్టివేతలు, మార్జిన్లో బాణాలు. అక్క తువ్వాలు విప్పి, కొత్త కీబోర్డు పక్కకి జరిపి, తనది పెట్టింది. చీర చెంగు దోపుకుని మొదలుపెట్టింది.

ఆ గది అలాంటి చప్పుడు విని ఉండదు. ముందు తడుముకుంటూ, ఆగుతూ, తర్వాత ఆగకుండా. హెడ్‌ఫోన్లు ఒక్కటొక్కటే దిగాయి. తలలు ఇటు తిరిగాయి. అక్క కళ్ళు కాయితం మీదే ఉన్నాయి. మూగ మీట వచ్చినప్పుడల్లా మధ్యవేలు కొంచెం సాగి వెళ్ళి పనిచేసి వస్తోంది. చూపుడువేలు తప్పుతుందేమోనని నేను బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఒకసారి తప్పింది. చప్పుడు లేకపోవడం విని వెంటనే వెనక్కెళ్ళి దిద్దుకుంది.

ప్రెస్సాయన ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని చదివాడు. ఒకచోట సున్న చుట్టాడు. ఇంకో చోట చుట్టబోయి మానేశాడు.

“పని బ్రహ్మాండంగా ఉందండీ,” అన్నాడు. “రేపట్నుంచే వచ్చెయ్యండి. కాకపోతే...”

ఆ ‘కాకపోతే’ వినగానే నేను బెంచీ చివరికి జరిగాను.

“కాకపోతే ఈ చప్పుడు కొంచెం ఎక్కువగా ఉందండీ. ఏసీ గది గదా, మావాళ్ళకి ఇబ్బంది. మీకు కొత్త కీబోర్డు మేమే ఇస్తాం, మెత్తగా ఉంటుంది. నాలుగు రోజులు పోతే మీకే అలవాటైపోతుంది లెండి.”

ఎంత మెత్తగా అన్నాడు! నేను లేచి నిలబడ్డాను. నోటిదాకా వచ్చిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. అక్క ఇటు తిరగకుండానే ఎడమచెయ్యి కొంచెం ఎత్తి, నన్ను ఆగమన్నట్టు చూపించింది. కుడిచెయ్యి మీటల మీదే ఉంది.

“లేదండీ,” అంది.

పెద్దవాళ్ళతో ఆమె ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు.

“ఈ వేలికి స్పర్శ లేదండీ నాకు. అక్షరం పడిందో లేదో చెవితోనే తెలియాలి. ఈ చప్పుడుంటేనే నాకు పని, లేకపోతే లేదు. మీకు నా పని కావాలంటే ఇది కూడా ఇక్కడే ఉంటుంది. నాలుగు రోజులు పోతే మీవాళ్ళకే అలవాటైపోతుంది లెండి.”

 ప్రెస్సాయన అక్కని చూశాడు, ఆ మీటల్ని చూశాడు, చేతిలో ఉన్న ప్రింటు మరోసారి చూసుకున్నాడు. తర్వాత సొరుగు లాగి, ఇంకో కాయితం తీసి ఆమె ముందు పెట్టాడు. అక్క దాన్ని సరిచేసుకుని, మీటల మీదకి వంగి, మొదటి పేజీ కంటే గట్టిగా కొట్టడం మొదలుపెట్టింది.